అడుగు అంతస్తులో కూత

మొదటి రోజు

వలయం చేరాం. దారిలో ఎవరికీ ఏమీ కాలేదు.

నా పేరు వరహాలు. నీడగుంట మహిళల కబడ్డీ జట్టుకి కెప్టెన్ని. ఎడమ కార్నర్‌లో, అంటే వరస చివర నిలబడి, కూతకొచ్చినవాళ్లని పట్టుకుంటాను. ఆట లేని రోజుల్లో మంచు బట్టీలో పని. చంద్రుడి దక్షిణపు కొసన, ఎన్నడూ ఎండ తగలని లోయలో మా ఊరు. ఆ మంచు తవ్వి కరిగిస్తేనే అందరికీ నీళ్లూ గాలీ.

రోజూ ఏం జరిగిందో రాసిపెట్టమని సన్యాసమ్మ పిన్ని చెప్పింది. పిన్ని మా కోచ్. మా పన్నెండు మందిలో ఒక్కరమూ భూమి చూడలేదు. పిన్ని మాత్రం అక్కడే పుట్టి, ఇరవై ఏళ్లప్పుడు మా ఊరొచ్చింది.

"మన తర్వాత వచ్చే పిల్లల కోసం రాయి. గెలిచామా ఓడామా అన్నది ఎవరైనా రాస్తారు. ఒళ్లు ఎలగుందో నువ్వు రాయి" అంది.

అయితే రాస్తున్నాను. ఈ రోజు ఒళ్లు బరువుగా ఉంది. వలయం అంటే ఆకాశంలో తిరిగే పెద్ద చక్రం. ఆ తిరుగుడు వల్లే లోపల బరువు పుడుతుంది. నడిమి ఇరుసు దగ్గర తేలిక, కింది అంతస్తులకి దిగేకొద్దీ బరువు. మాకు మధ్య అంతస్తులో గదులిచ్చారు. ఇక్కడ భూమి మీద ఉండే బరువులో సగం ఉంటుంది. ఆటలూ ఇక్కడే. రెండేళ్ల కిందటే అలా ఒప్పందమైంది. భూమివాళ్లకి కొంచెం తేలిక, మాకు ఇంటికంటే మూడింతల బరువు. ఈ మూడింతలకోసమే రెండేళ్లు ఊళ్లోని తిరుగుడు గదిలో సాధన చేశాం.

ఇంతకుముందు భూమీ చంద్రుడూ అంగారకుడూ కలిసి ఆడే ఈ ఉమ్మడి క్రీడలకి మా ఊరివాళ్లు వచ్చారు గాని, భూమి జట్లలో అదనపు ఆటగాళ్లుగా వచ్చి, బెంచీ మీద కూర్చుని వెళ్లారు. సొంత పేరుతో రావడం ఇదే మొదటిసారి. చొక్కా వీపు మీద 'నీడగుంట' అని పెద్ద అక్షరాలు. రత్నం ఆ చొక్కా విప్పకుండానే పడుకుంది. పూర్తి పేరు నూకరత్నం, పంతొమ్మిదేళ్లు. మా జట్టులో అందరికంటే బాగా కూతకెళ్లేది అదే.

మూడో రోజు

మధ్యాహ్నం భోజనాల హాల్లో ఉండగా క్రీడల డైరెక్టరు వచ్చింది. పొడుగాటి మనిషి, మాట మెత్తన. ఒక్కో బల్ల దగ్గరా చెప్పకుండా మైకులో చెప్పేసింది.

"మహిళల కబడ్డీని అడుగు అంతస్తుకి మారుస్తున్నాం. పూర్తి బరువులో జరుగుతుంది."

భూమి జట్లు ఆరూ కలిసి అర్జీ పెట్టాయట. సగం బరువులో పట్టుకి విలువ లేదు, గెంతులాట అయిపోతుంది అని. బోర్డు ఓటు వేసింది. మొదటి ఆటకి ఆరు రోజులే ఉన్నాయి.

"పూర్తి బరువులో ఆడలేని జట్లకి మధ్య అంతస్తులోనే ఒక ప్రదర్శన మ్యాచ్ పెడతాం. అందులో పాల్గొన్న అందరికీ షీల్డు ఇస్తాం" అంది డైరెక్టరు.

"షీల్డు దేనికి, దుమ్ము తుడుచుకోడానికా?" అంది పిన్ని. గట్టిగానే అంది.

పక్క బల్ల దగ్గర ఎర్రనేల జట్టు కూర్చుంది. అంగారకుడి మీద పుట్టిన ఆడపిల్లలు. వాళ్ల కెప్టెన్ చాలాసేపు కంచంలోకే చూసి, లేచి వెళ్లి ప్రదర్శన మ్యాచ్‌కి పేరిచ్చేసింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. నా మోకాళ్లు కూడా అప్పటికే నొప్పిగా ఉన్నాయి.

గదికొచ్చాక డాక్టర్ ఎస్తేరుని మాట్లాడమన్నాను. ఆమె మా ఊరి డాక్టరే, మమ్మల్ని చిన్నప్పటినించీ ఎరుగును.

"వద్దని చెప్పలేను, సరే అని కూడా చెప్పలేను" అంది ఎస్తేరు. "ఇంటిదగ్గరకంటే ఆరింతల బరువు. మీ గుండెలకి ఇంత బరువులో తలదాకా రక్తం ఎక్కించే అలవాటు లేదు. ఒకే ఊపిరి మీద కూత పెట్టినప్పుడు కళ్లకి చీకట్లు కమ్మొచ్చు. ఎముకలు ఎంతవరకు తట్టుకుంటాయో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే మీలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ ఆడలేదు."

"ఒక్కొక్కరూ చెప్పండి. నేను చివర చెప్తాను" అన్నాను.

ముందు జమున నోరు విప్పింది. "నాకు ఏడాది పిల్ల ఉందక్కా. నా కాళ్లు దానికి కావాలి. నేను ఆడను."

షంషాద్ లేచి వెళ్లి జమున పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. షంషాద్ కుడి కార్నర్. పదేళ్లుగా నేను ఎడమ, అది కుడి. దానికి తెలిసినట్టు ఎప్పుడేం చెయ్యాలో నాకు తెలీదు.

తర్వాత రత్నం అంది: "ఇప్పుడు ఆడకపోతే వచ్చేసారి మనల్ని పిలవరు. పిలిచినా షీల్డు ఆటకే పిలుస్తారు. నేను దానికి రాను."

మిగతావాళ్లు ఆడతామన్నారు. కొందరు గట్టిగా, కొందరు గొణిగినట్టు. నేను కూడా ఆడతానన్నాను. అనేటప్పుడు భయం వేసిందని కూడా రాస్తున్నాను, ఎందుకంటే మీకూ వేస్తుంది.

నాలుగో రోజు

మంచాలు అడుగు అంతస్తుకి మార్పించుకున్నాం. అక్కడే తిని, అక్కడే పడుకుంటే తప్ప ఒళ్లు అలవాటు పడదంది పిన్ని. లిఫ్టు దిగుతుంటే బుగ్గలు కిందికి జారుతున్నట్టు తెలిసింది. తలుపు తెరుచుకునేసరికి తవిటమ్మ కూర్చుండిపోయింది. తవిటమ్మ మా రెండో రైడరు, అంటే రత్నం తర్వాత కూతకెళ్లేది, జట్టులో అందరికంటే బలమైన మనిషి.

ఇక్కడ బతకడం ఎలాగో చెప్తాను. జగ్గులోంచి నీళ్లు వంపితే మనం అనుకున్నదానికంటే ముందే పడిపోతాయి. గ్లాసుని జగ్గు మూతికి ఆనించి వంపండి. చేతిలోంచి జారిన చెంచాని పట్టుకోవాలని చూడకండి, అది అప్పటికే నేల మీద ఉంటుంది. స్నానానికి స్టూలు వేసుకోండి. వెల్లకిలా పడుకుంటే రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది, పక్కకి తిరిగి పడుకోండి. లోపలి బట్టలు ఒక సైజు బిగుతువి తెచ్చుకోండి. ఈ మాట మాకెవరూ చెప్పలేదు.

పై బెర్తులు ఎవరికీ వద్దు. కిందవి చాలక నేల మీద పరుపులు వేసుకున్నాం.

ఐదో రోజు

పొద్దున్న భోజనాల హాలుకి నడుస్తూ నడుస్తూ గోడకి ఆనుకుని నిలబడిపోయాం. ఎదురుగా వస్తున్న ఒకమ్మాయి తోపుడు బండి తెచ్చి, మా సాధన సంచులన్నీ అందులో పడేసింది.

"ఎక్కడిదాకా అక్కా?" అంది తెలుగులో.

బంగాళాఖాతం జట్టు కెప్టెన్. పేరు హైమ. ఆ జట్టే పోయినసారి గెలిచింది. ఆమె చాలా మామూలుగా, పాట పాడుకుంటున్నంత తేలిగ్గా నడుస్తోంది.

హాలు గుమ్మం దగ్గర ఆగి అంది: "మీకు తెలియాలి. ఆ అర్జీ మీద నేనూ సంతకం పెట్టాను."

"ఎందుకు?" అన్నాను.

"నేను పట్టుకున్న మనిషి నా చేతుల్లోంచి గాల్లోకి లేచిపోతే అది నాకు కబడ్డీ కాదక్కా. మీమీద కోపం ఉండి కాదు. కానీ ఆరు రోజుల ముందు కాకుండా ఏడాది ముందే పెట్టాల్సింది. ఆ తప్పు మాదే."

సంచులు తెచ్చినందుకు థాంక్స్ చెప్పాను.

ఆరో రోజు

జడలు తీసేశాం. ఈ బరువులో జడ వెనక్కి లాగుతుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. జమునే కత్తెర పట్టుకుంది. రత్నం జుట్టు నడుం దాటి ఉంటుంది. అది మొదట ఒప్పుకోలేదు, అద్దం ముందు చాలాసేపు కూర్చుని, చివరికి తనే వచ్చి స్టూలు మీద కూర్చుంది. కత్తిరించినంతసేపూ కళ్లు మూసుకుంది. అయ్యాక తల అటూ ఇటూ తిప్పి, "బాగానే ఉంది" అంది, ఇంకెవరో అడిగినట్టు.

సాధన మాత్రం బాగా లేదు. మా ఊళ్లో రత్నం కూత ఆగకుండా ముప్పై సెకన్లూ నిలుస్తుంది. ఇక్కడ సగం కాకముందే గొంతు పట్టేసింది. కూత ఆగితే రైడరు అవుటే. తవిటమ్మకి కళ్లు తిరిగాయి.

జమున ఆడకపోయినా ఊరికే కూర్చోలేదు. అందర్నీ వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద నీళ్ల సంచి పెట్టి కూత పెట్టించింది.

"గొంతుతో కాదే, బొడ్డు దగ్గర్నించి. అరవకండి. రిఫరీకి వినపడితే చాలు, ఊరంతటికీ అక్కర్లేదు" అని ఒక్కొక్కరి పక్కనా కూర్చుని చెప్పింది. సాయంత్రానికి రత్నం కూత ఇరవైకి చేరింది.

ఎనిమిదో రోజు

రత్నం కుంటుతోంది. అడిగితే చెప్పు కరిచిందంది. ఎస్తేరు నమ్మక, యంత్రం కింద కాలు పెట్టించి చూసింది. మోకాలి కింద ముందరి ఎముకలో వెంట్రుకంత గీత.

"ఇంకా విరగలేదు. ఒక్కో ఆటలో సగం వరకే ఆడనిస్తాను. ఏ రోజు గీత పెద్దదైతే ఆ రోజుతో సరి" అంది ఎస్తేరు.

"సగం ఆటలో ఏం చెయ్యగలను?" అని రత్నం నామీద అరిచింది.

"సగం ఆట ఆడగలవు" అన్నాను. అది విసురుగా వెళ్లిపోయి, కాసేపటికి తిరిగొచ్చి నీళ్ల సంచి తీసుకుంది.

తొమ్మిదో రోజు

మొదటి ఆట. ఉత్తరకొండల చేతిలో చిత్తుగా ఓడాం. పద్నాలుగు మాకు, నలభై వాళ్లకి. రెండుసార్లు ఆలౌట్ అయ్యాం, అంటే జట్టు మొత్తం బయట కూర్చోవలసి వచ్చింది. చూడ్డానికొచ్చినవాళ్లు మాకు జాలిగా చప్పట్లు కొట్టారు. అలా కొట్టించుకోవడం ఓడిపోవడంకంటే కష్టం.

మా గుంపులో నాలుగు జట్లు. మొదటి రెండు సెమీఫైనల్‌కి వెళ్తాయి. కాబట్టి మిగిలిన రెండు ఆటలూ గెలిచి తీరాలి.

గదికొచ్చి మోకాళ్లకి ఐసు కట్టుకుని కూర్చున్నాం. షంషాద్ ఏదో ఆలోచిస్తోంది.

"వరాలూ, ఒకటి చూశావా? వాళ్ల రైడర్లు ముందుకొచ్చినప్పుడు బాగానే ఉన్నారు. తమ వైపు పోడానికి వెనక్కి తిరిగినప్పుడల్లా ఒక్క క్షణం తాగినవాళ్లలా ఉన్నారు."

వెంటనే నాకు అర్థమైంది. తిరిగే చోట తల గబుక్కున తిప్పితే చెవుల్లో సమతూకం చెడుతుంది, లోకం పక్కకి ఒరిగినట్టనిపిస్తుంది. భూమివాళ్లకి ఇది కొత్త. మాకు కాదు. మా ఊళ్లో ఎముకలు గట్టిపడడానికి పిల్లలందర్నీ రోజూ తిరుగుడు గదిలో వదులుతారు. అది చిన్న గది, వలయంకంటే చాలా వేగంగా తిరుగుతుంది. మేం అందులోనే దాగుడుమూతలాడాం, అందులోనే వాంతులు చేసుకున్నాం. పదేళ్లు వచ్చేసరికి ఎటు తల తిప్పినా ఏమీ అనిపించదు.

"అయితే రైడరు వస్తుంటే వెంటపడొద్దు. రానిద్దాం. వెనక్కి తిరగనిద్దాం" అన్నాను.

"తిరిగినప్పుడు పట్టేద్దాం" అంది షంషాద్.

పదకొండో రోజు

రెండునదుల జట్టు మీద గెలిచాం! ఇరవై ఏడు, ఇరవై అయిదు.

మొదట మేం చేసిందల్లా వెనక్కి తగ్గడమే. వాళ్ల రైడరు వచ్చి చెయ్యి చాస్తే దూరం జరిగాం. భయపడుతున్నామనుకుని ఇంకా లోపలికొచ్చింది. మడమ మీద తిరిగింది చూడండి, కళ్లు ఒక్క క్షణం ఎక్కడో చూశాయి, కాలు అనుకున్నచోట పడలేదు. ఆ కాలు షంషాద్ చేతుల్లో ఉంది. నేను నడుం పట్టుకున్నాను. అలా ఆటంతా తొమ్మిదిసార్లు పట్టాం.

రత్నం మొదటి సగం ఆడింది. తిరిగే దిక్కుకి ఎదురుగా పరిగెత్తితే ఇక్కడ ఒళ్లు కొంచెం తేలికవుతుంది. అది ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, వెళ్లేటప్పుడు నెమ్మదిగా నడిచి, వచ్చేటప్పుడు ఒక్క ఉరుకు ఉరికింది. ఆట అయ్యాక బెంచీ మీదే నిద్రపోయింది.

ఈసారి చప్పట్లు వేరేగా ఉన్నాయి.

పన్నెండో రోజు

మిగిలింది రేవు జట్టు. వాళ్లు ఈ వలయంలోనే పుట్టి పెరిగినవాళ్లు, ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఆడవాళ్లు. వాళ్లకి పూర్తి బరువూ అలవాటే, తల తిప్పడమూ అలవాటే. మా ఎత్తు వాళ్లమీద పారదు.

పొద్దున్న సాధనలో నేను షంషాద్‌ని పట్టుకోబోయి జారి దానిమీద పడ్డాను. లేవడానికి నాకు ఓపిక లేదు. కింద నుంచి అది కదలడానికి చూసి, చూసి, "లేవవే, చచ్చిపోతున్నాను" అంది.

పిన్ని దూరం నుంచి చూసి దగ్గరకొచ్చింది. "లేవకు. అలాగే ఉండు. షంషాదూ, దాన్ని తోసెయ్యి చూద్దాం."

షంషాద్ తోయలేకపోయింది.

"ఇన్నాళ్లూ మీరు నిలబడి పట్టడానికి చూస్తున్నారు. మన ఊళ్లో అలగే పట్టాలి, పడితే లాభం లేదు, మనిషికి బరువుండదు. ఇక్కడ మీకు బరువుంది. నిలబడలేకపోతున్నారని ఏడవకండి. పట్టుకుని పడిపోండి. పడ్డాక చెయ్యి వదలకండి. అంతే!" అంది పిన్ని.

మిగతా రోజంతా పడడమే సాధన చేశాం. ఒళ్లంతా కమిలిపోయింది. ఎస్తేరు చూడలేక బయటికి వెళ్లిపోయింది.

పదమూడో రోజు

ఇది కొంచెం వివరంగా రాస్తాను.

రేవు జట్టు మమ్మల్ని తక్కువ చేసి చూడలేదు. మొదటి సగం అయ్యేసరికి వాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు. రత్నం ఏడు తెచ్చింది. సగం అయ్యాక ఎస్తేరు దాని కాలు నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది. రత్నం వాదించలేదు. బెంచీ చివర కూర్చుని, చొక్కా అంచు నోట్లో కుక్కుకుంది.

రెండో సగం తవిటమ్మ మోసింది. ఊపిరి ఇరవై లెక్కకి రాకముందే వెళ్లడం, ఒకరిని తాకడం, రావడం. మేం పడిపోయి పట్టే పట్లు కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఒక పట్టులో వాళ్ల రైడరు మోకాలు షంషాద్ డొక్కలో దిగింది. షంషాద్ లేచి నిలబడి నాకు బొటనవేలు చూపించింది, గాని ముఖం పాలిపోయింది.

ఆఖరి నిమిషానికి వాళ్లకి ఇరవై రెండు, మాకు ఇరవై ఒకటి. మ్యాట్ మీద మేం ముగ్గురమే మిగిలాం: నేను, షంషాద్, తవిటమ్మ. ముగ్గురే ఉన్నప్పుడు రైడరుని పట్టుకుంటే ఒకటి కాదు, రెండు పాయింట్లు ఇస్తారు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు. అందుకే వాళ్ల రైడర్లు వరసగా రెండుసార్లు వచ్చి, ఎవర్నీ తాకకుండా, తప్పక దాటాల్సిన లోపలి గీత మాత్రం దాటి తిరిగి వెళ్లిపోయారు, మధ్యలో మా కూతలకీ ఏమీ రాలేదు. కానీ మూడోసారి అలా వెళ్లే వీలు లేదు. మూడో కూతలో పాయింటు తేకపోతే రైడరు అవుట్, మాకు పాయింటు. గడియారంలో ఆ ఒక్క కూతకే సమయముంది. అది నిలిపితే స్కోరు సమానం. సమానమైతే మొత్తం పాయింట్ల లెక్కలో సెమీఫైనల్ వాళ్లకే. మాకు రెండూ కావాలి. అంటే పట్టుకోవాలి.

వాళ్ల పెద్ద రైడరు వచ్చింది. భుజాలు తలుపంత ఉన్నాయి. కూత నెమ్మదిగా, స్థిరంగా ఉంది. నావైపు చూడకుండా షంషాద్ వైపు నడిచింది. డొక్క దెబ్బ చూసింది కదా.

షంషాద్ వెనక్కి జరగలేదు. ఆమె చెయ్యి తన భుజానికి తగలనిచ్చి, తగిలిన చేతినే రెండు చేతులా పట్టుకుని పడిపోయింది. ఆమె కూడా ముందుకి తూలింది. నేను చీలమండ పట్టుకుని నా ఒళ్లంతా దానిమీద వదిలేశాను. తవిటమ్మ వెనక నుంచి వచ్చి మా అందరిమీదా పడింది.

ఆ మనిషి మమ్మల్ని ముగ్గుర్నీ ఈడ్చింది. నిజంగానే ఈడ్చింది. ముఖం మ్యాట్‌కి రాసుకుంటూ పోతుంటే నాకు మధ్య గీత కనిపించింది. నా ఎడమ మణికట్టు లోపల ఏదో టప్పుమంది. వదలాలనిపించింది. వదలడానికి కూడా బలం కావాలి, అది లేదు. పడుకున్నాను, అంతే. చెవి పక్కన ఆమె కూత చిన్నదవుతూ, చిన్నదవుతూ ఆగిపోయింది.

విజిల్ ఊదారు. గీతకి జానెడు ఇవతల ఉంది ఆమె చెయ్యి.

ఇరవై మూడు, ఇరవై రెండు.

లేపడానికి వచ్చినవాళ్లు ముందు తవిటమ్మని తియ్యాలి, తర్వాత నన్ను, తర్వాత షంషాద్‌ని. అడుగున ఉన్న రేవు రైడరు నవ్వుతోంది. "మీరు ముగ్గురూ ఓడ సరుకుకంటే బరువు" అంది.

పద్నాలుగో రోజు

షంషాద్‌కి పక్కటెముక చిట్లింది. రత్నం కాలి గీత పెద్దదైంది. ఇద్దరికి గుండె దడ తగ్గడం లేదు. నా మణికట్టు బెణికిందే గాని విరగలేదు. లెక్క చూస్తే, జమునని వదిలేస్తే, నిలబడగలిగినవాళ్లం ఏడుగురం. ఆడడానికి సరిగ్గా ఏడుగురు కావాలి. బదులు దిగడానికి ఎవరూ లేరు.

సెమీఫైనల్ బంగాళాఖాతంతో.

క్రీడల డైరెక్టరు మా గదికి స్వయంగా వచ్చింది. "సెమీఫైనల్‌లో ఓడిన రెండు జట్లకీ కంచు పతకమే. మీరు రేపు రాకపోయినా పతకం మీదే. ఎవరూ తప్పు పట్టరు. మీ ఆరోగ్యం ముఖ్యం" అంది. ఆమె మంచి మనసుతోనే చెప్పింది.

పిన్ని నావైపు చూసింది.

"వస్తామండీ" అన్నాను.

"ఎందుకు?"

"ఆడడానికే వచ్చాం కదండీ."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, "వచ్చేసారి మధ్య అంతస్తులో పెట్టమని మీరు రాసిస్తే ఇప్పుడు బోర్డు వింటుంది. మీ ఆట అందరూ చూశారు" అంది.

"వద్దు. అడుగు అంతస్తులోనే ఉంచండి. కానీ ఆటలకి ఆరు నెలల ముందే మాకిక్కడ గదులివ్వండి. ఎర్రనేల పిల్లలకి కూడా ఇవ్వండి. ఒకసారి బరువు ఇంత అని చెప్పాక ఇక మార్చబోమని రాసివ్వండి" అన్నాను.

ఆమె అన్నీ రాసుకుంది.

రత్నం ఎస్తేరు కాళ్లమీద పడినంత పని చేసింది. "ఒక్క కూత డాక్టరమ్మా, ఒక్కటే!"

"నువ్వు ఇంకా పదేళ్లు ఆడాలే" అన్నాను. "రేపు బెంచీ మీద కూర్చుని, వాళ్లెలా పట్టుకుంటున్నారో చూడు. అదీ ఆటే." అది నావైపు చూడకుండా ఏడ్చింది. తర్వాత వచ్చి నా మణికట్టుకి బిగించి కట్టు కట్టింది. బాగా కట్టింది.

పదిహేనో రోజు

ఓడిపోయాం.

హైమ జట్టు చాలా గొప్పగా ఆడింది. వెనక్కి తిరిగే క్షణంలో పట్టుకుంటామని వాళ్లు చూసి నేర్చుకున్నారు. రైడర్లు అసలు వెనక్కి తిరక్కుండా, మాకు ఎదురుగానే ఉండి, వెనకడుగులు వేస్తూ తమ వైపు వెళ్లారు. పడిపోయే పట్టు పడదామంటే అందనంత దూరంలో నిలబడి కాలితో తాకారు. మాకు కొత్త ఎత్తులు లేవు. ఉన్న ఒళ్లు వాడాం.

రెండో సగంలో తవిటమ్మకి కళ్లు తిరిగి మ్యాట్ మీదే కూలింది. బయటికి తీసుకెళ్లారు. ఆరుగురం మిగిలాం. కూతకి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. చివరి నిమిషంలో స్కోరు నలభై నాలుగు, తొమ్మిది. ఆఖరి కూత మాది.

నేను వెళ్లాను. పదేళ్ల ఆటలో నేను కార్నర్ వదిలి కూతకి వెళ్లింది లేదు.

అవతల ఏడుగురూ ఉన్నారు. ఆరుగురు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, లోపలి గీత అవతల ఒక కాలు నేల మీద మోపి, రెండోది గాలిలోకి లేపితే ఎవరినీ తాకకుండానే ఒక పాయింటు. ఇంటిదగ్గర అది పసిపిల్లలు కూడా చేస్తారు. ఇక్కడ ఒంటికాలి మీద నిలబడడమంటే నా మీద ఇంకో అయిదుగురు నేనులు ఎక్కి కూర్చున్నట్టు.

కూత మొదలుపెట్టి నడిచాను. పరిగెత్తే ఓపిక లేదు. వాళ్లు వెనక్కి జరిగి దారిచ్చారు. హైమ చేతులు చాపి ఎదురుగా నిలబడింది.

"ఇంకెందుకక్కా" అంది మెల్లగా. "అయిపోయింది కదా. అక్కడే నిలబడి టైమ్ గడిపెయ్. మేం పట్టుకోం."

నేను జవాబు చెప్పలేదు. చెప్తే కూత తెగుతుంది. ఉన్న ఊపిరి కూతకే సరిపోవడం లేదు.

గీత దాకా వెళ్లాను. కుడికాలు దాటించి మోపాను. ఎడమకాలు లేపాను. తొడ వణికింది, కళ్లముందు అంచుల నుంచి నలుపు మూసుకొచ్చింది, మధ్యలో హైమ ముఖం మాత్రం కనిపిస్తోంది. రిఫరీ చెయ్యెత్తింది. పాయింటు.

ఆ క్షణంలోనే హైమ నా నడుం పట్టుకుంది. పూర్తి బలంతో పట్టుకుంది, ఏమీ దాచుకోలేదు. అందుకు ఆమెకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఇద్దరం పడ్డాం. ఇంకో నలుగురు వచ్చి పడ్డారు. మధ్య గీత ఎటుందో కూడా నాకు తెలియలేదు. ఎటో ఒకవైపు చెయ్యి చాపాను. కూత ఆపలేదు. పొట్ట నేలకి ఆనుకుపోయింది, బొడ్డు దగ్గర్నించి ఎంత వస్తే అంత బయటికి తోశాను.

హైమ నా చెవి దగ్గర, "విజిల్ అయిపోయిందక్కా" అంది.

అప్పుడు ఆపాను.

నలభై అయిదు, పది. పతకాలు ఇచ్చేటప్పుడు ఎస్తేరు చక్రాల కుర్చీలు తెప్పించింది. షంషాద్, రత్నం, తవిటమ్మ కూర్చున్నారు. మిగతావాళ్లం కుర్చీలు పట్టుకుని నిలబడ్డాం. జమున మెడలో కూడా పతకం వేశారు, అది తీసి చూసుకుని మళ్లీ వేసుకుంది.

సాయంత్రం బోర్డు జవాబు వచ్చింది. ఇక బరువు మార్చబోమని రాసిచ్చారు. గదులు మాత్రం ఆరు నెలల ముందు కాదు, నాలుగు నెలల ముందు ఇస్తారట. పిన్ని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "చాలు" అంది.

ఇప్పుడు ఒళ్లెలా ఉందో రాయాలి. కుడిమోకాలు వంగడం లేదు. మణికట్టు వాచింది. గొంతు బొంగురుపోయింది, మాట్లాడితే నాకే నవ్వొస్తోంది. షంషాద్ పక్క పరుపు మీద పడుకుని, నవ్వితే పక్కటెముక నొప్పని నన్ను నోరు మూసుకోమంటోంది.

ఆ పదో పాయింటు నాది. పదేళ్లలో నేను కూతకెళ్లి తెచ్చిన మొదటి పాయింటు. అది కూడా రాసిపెడుతున్నాను.